గాయము మానిన పిదప

ఆసుపత్రి యన శరీరబాధను మాన్పు తావని లోకప్రతీతి. జ్వరమునకు మందు, విరిగిన యెముకకు కట్టు, వ్రణమునకు శస్త్రము అచ్చట లభించును. బ్రదుకుపై ఆశ వీడి అచ్చటకు చేరిన మనుష్యునకు లభించునదేమి? 2022వ సంవత్సరమున భారతదేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క తేల్చినది. అందు 13,044 మంది విద్యార్థులు. కనుక ఈ ప్రశ్న వైద్యులకే గాక విద్యాలయములకును సంబంధించినది.

మనోవ్యాధి వైద్యుని వెదకికొని పోవువారు మన దేశమున మిక్కిలి కొలది. మనసు చెడినదని చెప్పుకొనుట నామోషీ యని తలచువాడు నిద్ర రాదనియో, తలపోటనియో, ఆకలి లేదనియో సామాన్య వైద్యునికడకే వచ్చును. మాత్రలు వ్రాసియిచ్చి పంపుట సులభము. “బ్రదుకు బరువైనదా? చావవలెనను తలంపు కలుగుచున్నదా?” యని మెల్లగా నడుగుట కష్టము. అడిగినచో లేని తలంపు పుట్టునేమో యని పలువురు జంకుదురు. ఆ భయము నిరాధారమని పరిశోధనలు తేల్చినవి. అడిగినందువలన తలంపు పుట్టదు. దాచుకొన్నది మాటయై వెలువడి గుండెబరువు కొంత దిగును.

స్వీడను దేశమునకు చెందిన గోట్లండు ద్వీపమున 1983, 1984 సంవత్సరములలో విషాదరోగమును గుర్తించి చికిత్స చేయుటయందు సామాన్య వైద్యులకు శిక్షణ యొసగిరి. మరుసటి యేట అచ్చట ఆత్మహత్యలు గణనీయముగ తగ్గినవి. శిక్షణ ముగిసిన కొన్నియేండ్లకు సంఖ్య దాదాపు మొదటికే వచ్చినది. తగ్గుదలయు ముఖ్యముగ స్త్రీలయందే కానవచ్చినది; పురుషులు వైద్యునికడ బాధ చెప్పుకొనుటయే అరుదు. ఒకమారు నేర్చిన విద్య చాలదనియు, రాని రోగికి వైద్యుడు మేలు చేయలేడనియు ఆ ద్వీపము నేర్పిన పాఠములు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన మరియొక పరిశీలన మనకు దగ్గరిది. చెన్నై, కొలంబో నగరములందును, బ్రెజిలు, ఇరాను, చైనా దేశములందును ఆత్మహత్యకు పూనుకొని అత్యవసర విభాగమునకు చేరి బ్రదికిన 1,867 మందిని రెండు వర్గములుగ విభజించిరి. మొదటి వర్గమునకు వాడుకగా జరుగు చికిత్స మాత్రమే జరిగినది. రెండవ వర్గమువారితో ఇంటికి పంపుటకు ముందు ఒక గంటసేపు నిదానముగ మాటలాడిరి. పిమ్మట పదునెనిమిది నెలలలో తొమ్మిదిమార్లు ఫోనులోనో, ఇంటికి పోయియో క్షేమము విచారించిరి. ఫలితము 2008లో వెలువడినది. మొదటి వర్గమున నూటికి 2.2 వంతున ఆత్మహత్యవలన మరణింపగా, రెండవదానిలో 0.2 వంతు మాత్రమే మరణించిరి. ఇందు ఖరీదైన యంత్రము లేదు, క్రొత్త ఔషధము లేదు. తన్ను తలచువారు కలరను ఎరుక కల్పించుటయే ఆ చికిత్స.

మన దేశమున ఈ కార్యమునకు చట్టమే చిరకాలము అడ్డు నిలిచినది. భారత శిక్షాస్మృతి 309వ సెక్షను ఆత్మహత్యాయత్నమును నేరముగ నెంచి ఏడాదివరకు కారాగారవాసము విధించినది. పోలీసుభీతిచే ఇంటివారు పొరపాటున జరిగినదని చెప్పుటయు, వైద్యుడు లోతుగ నడుగకుండుటయు సంభవించుచుండెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 2018 మే 29న అమలునకు వచ్చి, వేరుగ రుజువైననే తప్ప అట్టివానిని తీవ్ర మనఃక్లేశమున నున్నవానిగ భావింపవలెననియు, శిక్షింపరాదనియు శాసించినది. సంరక్షణభారమును ప్రభుత్వముపై నిడినది. 2024 జులై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత సెక్షను తొలగినది. ప్రభుత్వోద్యోగిని నిర్బంధించుటకై చేయు యత్నము మాత్రమే నేరముగ మిగిలినది. చట్టము మారినది, వార్డులలో మాటతీరును మారవలెను. “నీకేమి తక్కువ?” యని గద్దించుట ఆ క్షణమున పుండుపై కారము చల్లుట వంటిది.

ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కరలేదు. నవ్వు మాని, చెలికాండ్రను వీడి, చదువునందు అకస్మాత్తుగ వెనుకబడిన బాలుని ప్రక్కకు పిలిచి విచారించుటయు, తల్లిదండ్రులతో మాటలాడి ఆసుపత్రికి చేర్చుటయు ఆయన చేతిలోని పనులు. నేస్తుని రహస్యము ప్రాణముతో ముడిపడినప్పుడు పెద్దలకు చెప్పుట ద్రోహము కాదని విద్యార్థి యెరుగవలెను. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలిమానస్ సేవ 14416 సంఖ్యపై రాత్రింబవళ్లు ఉచితముగ తెలుగునందును లభించుచున్నది.

శరీరమునకు కట్టు కట్టుటతో వైద్యుని పని సగమే యైనది. “మరల ఎన్నడు వచ్చెదవు?” అని యడిగి, రాకున్న కబురు పంపినప్పుడే తక్కిన సగము నెరవేరును.