జైలు గేటు దాటిన తరువాత

మా సంఘములోని ఒక సహోదరుడు ఏడేళ్ల శిక్ష ముగించుకొని సెంట్రల్ జైలు నుండి ఇంటికి వచ్చాడు. ఆ ఆదివారము ఆరాధనలో మేము దేవునికి స్తుతులు చెల్లించాము. అతని భార్య పిల్లలందరికీ మిఠాయి పంచింది. చేతి సంచిలో రెండు జతల బట్టలు, బైబిలు, విడుదల కాగితము ఉన్నాయి. నాలుగేళ్లుగా ప్రతి రాత్రి జైలు ఆసుపత్రివారు మింగించిన మాత్రల చీటీ మాత్రము లేదు. జేబులో మిగిలిన మాత్రలు పది రోజులకు అయిపోయాయి.

మూడవ వారానికి అతనికి నిద్ర పోయింది. ఎవరో పిలుస్తున్నారంటూ అర్ధరాత్రి లేచి చేల గట్ల వెంట నడిచేవాడు. ఊరిలో "జైలుకు వెళ్లొచ్చినవాడు" అనే మాట ముందే ఉన్నది, దానికి "పిచ్చివాడు" కూడా తోడైంది. మేము సంఘ పెద్దలతో వెళ్లి మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేశాము. ప్రార్థించినందుకు మాకు విచారము లేదు. "నాయనా, అక్కడ నీకేమైనా మందులిచ్చేవారా?" అని మాలో ఒక్కరమూ అడగలేదు, అదీ మా విచారము. ఒక రాత్రి అతడు బావి గట్టు మీద కూర్చుని ఉండగా భార్య చూసి పట్టుకున్నది. మరునాడు ఆ ప్రశ్న అడిగినది మా ఊరి ఆశా కార్యకర్త.

మాత్రలు మింగడము అవిశ్వాసమని ఒక పెద్ద సణిగాడు. లూకా వైద్యుడని పౌలే వ్రాశాడు గదా అన్నాము. గెరాసేనుల దేశములో జరిగినది కూడా జ్ఞాపకము చేశాము. సమాధులలో తిరిగినవాడు బట్టలు కట్టుకొని స్వస్థచిత్తుడై కూర్చున్నప్పుడు ఊరివారు సంతోషించలేదు, భయపడ్డారు. అటువంటివానిని ప్రభువు తన వెంట తీసుకుపోలేదు, ఇంటివారి యొద్దకే పంపాడు. అంటే పని ఇంటివారి మీద పడింది.

2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. ప్రతి రాష్ట్రములో కనీసము ఒక జైలు వైద్య విభాగములోనైనా మానసిక చికిత్సా కేంద్రము ఉండాలని అది చెబుతుంది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, కార్డు చేతిలో లేకపోయినా, ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో చికిత్స ఉచితము. తన వైద్య రికార్డులు తాను పొందే హక్కు కూడా రోగికి ఉన్నది. అయితే విడుదల రోజున ఆ రికార్డు అడగాలని అతనికి ఎవరు చెబుతారు? బెయిలు కాగితము సాయంత్రము వస్తే ఆ రాత్రే బస్సెక్కుతాడు, డాక్టరుకు కబురైనా అందదు.

కనుక మీ ఇంటివారు ఎవరైనా లోపల ఉంటే ములాఖత్‌కు వెళ్లినప్పుడే అడగండి, ఏ మందు, ఎప్పటినుండి, ఎన్ని పూటలు అని. చీటీ వ్రాయించి ఉంచండి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఏ రోజులలో చూస్తారో ముందే కనుక్కోండి. విశాఖపట్నము, ఎర్రగడ్డ ఆసుపత్రుల దాకా పోనక్కరలేకుండా దగ్గరలోనే చూడాలని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము మొదలైంది. వెంటనే వెళ్లలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ టెలి మానస్ సేవలో రాత్రింబగళ్లు ఉచితముగా తెలుగులో మాట్లాడతారు. చావు మాట ఎత్తినవానిని మాత్రము ఒంటరిగా విడువవద్దు, ఫోను చేస్తున్నంతసేపూ ఎవరైనా ప్రక్కన ఉండాలి. మాత్రలు తగ్గించడము, ఆపడము డాక్టరు పని. అది కాపరి పని కాదు, మాది అసలే కాదు.

మా సహోదరునికి ఇప్పుడు నిద్ర పడుతున్నది. చేతులు కొంచెము వణుకుతాయి, దానికీ డాక్టరు మందు మార్చారు. ప్రతి నెలా మేమో, ఒక పెద్దో తోడు వెళ్తున్నాము. పోయిన వారము అతని భార్య వచ్చి, "అయ్యగారూ, ఈసారి మీరు రానక్కరలేదు. వాళ్ల తమ్ముడు తీసుకువెళ్తానన్నాడు" అని చెప్పింది. ఆ తమ్ముడు ఎనిమిదేళ్లుగా ఆ గడప తొక్కలేదు.