లావా కన్నా ముందు మంచు: బిలాస్‌పూర్ చుట్టూ శిలలు చెప్పే చరిత్ర

బిలాస్‌పూర్ నుంచి కట్ని వైపు వెళ్లే రైలు ఖోంగ్‌సరా తర్వాత ఘాట్ ఎక్కి, భన్వర్‌టంక్ సొరంగం మీదుగా పెండ్రారోడ్ చేరుతుంది. అమర్‌కంటక్ వెళ్లే యాత్రికులు దిగేది ఇక్కడే. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి తరతరాలుగా బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అమర్‌కంటక్ నర్మద జన్మస్థానంగా సుపరిచితం. ఆ పీఠభూమి పైభాగం లావాతో ఏర్పడిందనీ, దానికి ఈశాన్యంగా హస్‌దేవ్ నది ఒడ్డున హిమానీనదాల కాలపు ఆనవాళ్లు ఉన్నాయనీ తెలిసినవారు మాత్రం తక్కువ.

పలుచని లావా దూరంగా పారి, పొర మీద పొర గడ్డకడితే బోర్లించిన డాలు ఆకారంలో పర్వతం ఏర్పడుతుంది. హవాయి దీవుల్లోని 4,207 మీటర్ల మౌనాకియా అలాంటిదే. గత హిమయుగంలో దాని శిఖరాన్ని హిమానీనదాలు అరగదీశాయి. అక్కడ ముందు నిప్పు, తర్వాత మంచు. మన ప్రాంతంలో వరుస తిరగబడింది.

సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం భారత భూభాగం గోండ్వానా మహాఖండంలో భాగంగా దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేది. కదిలే మంచు బండరాళ్లను, మట్టిని కలగలిపి మోసుకొచ్చి వదిలింది. నదీ ప్రవాహం రాళ్లను పరిమాణాన్ని బట్టి వేరు చేస్తుంది. మంచు అలా చేయదు. మెత్తని మట్టిలో పెద్ద బండలు చిక్కుకున్న ఇలాంటి పొరలను 1856లో ఒడిశాలోని తాల్చేర్ వద్ద భూవిజ్ఞానులు గుర్తించి, మంచు తెచ్చినవని ప్రతిపాదించారు. 1872లో చంద్రపూర్ ప్రాంతంలో, పెన్‌గంగ ఒడ్డున ఇరాయి వద్ద మంచు గీసిన చారలున్న సున్నపురాతి పలక బయటపడటంతో ఆ వాదన బలపడింది.

మంచు కరిగే దశలో సముద్రం లోపలికి చొచ్చుకొచ్చింది. మనేంద్రగఢ్ వద్ద హస్‌దేవ్ తీరంలో 1954లో కనుగొన్న సముద్రజీవుల శిలాజాలు ఇందుకు సాక్ష్యం. వాతావరణం వేడెక్కాక ఏపుగా పెరిగిన అడవులే భూమిలో కూరుకుపోయి కోర్బా, చిరిమిరి బొగ్గు పొరలయ్యాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రంగా ఉన్న బిలాస్‌పూర్‌కు సరకు రవాణా ఆదాయంలో సింహభాగం ఆ బొగ్గుదే.

లావా వంతు చాలా తర్వాత, సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం వచ్చింది. అప్పటికి ఈ భూభాగం గోండ్వానా నుంచి విడిపోయి ఉత్తరంగా వెచ్చని ప్రాంతాలకు జరిగింది. ఒకే శిఖరం నుంచి కాకుండా నేల పొడవునా చీలిన పగుళ్ల నుంచి లావా పొంగి, దక్కన్ పీఠభూమిగా గట్టిపడింది. నేటికీ అది దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లలో మిగిలి ఉంది. అమర్‌కంటక్ దాని తూర్పు కొసల్లో ఒకటి. ఆదిలాబాద్, వికారాబాద్ జిల్లాల నల్లరాయి, రాజమహేంద్రవరం సమీపాన కాటేరు, పంగిడి వద్ద కనిపించే బసాల్టు కూడా ఆ కాలానివే.

ఈ లావాను చెక్కింది మంచు కాదు, వానలు, నదులు. కపిల్‌ధార వద్ద నర్మద సుమారు 30 మీటర్ల ఎత్తు నుంచి దూకేది ఆ బసాల్టు అంచు మీది నుంచే. పీఠభూమి పైన మాత్రం బసాల్టు శిథిలమై ఎర్రని లాటరైటుగా, అందులో కొంత బాక్సైటుగా మారింది. రంధ్రాలున్న లాటరైటు వాన నీటిని పీల్చుకుని, ఊటల రూపంలో నెమ్మదిగా వదులుతుంది. వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఈ చిన్న పీఠభూమి నుంచి నర్మద పడమరకు సాగితే, సోన్ గంగా పరీవాహకం వైపు మళ్లుతుంది. వానాకాలం ముగిసిన తర్వాతా ఈ ఊటలు నీరివ్వడానికి ఈ పొర ముఖ్య ఆధారం.

అయితే అదే పొరలో బాక్సైటూ ఉంది. గతంలో అమర్‌కంటక్‌లో దాన్ని తవ్వి కోర్బా అల్యూమినియం కర్మాగారానికి తరలించారు. గనిలో మళ్లీ మట్టి నింపి మొక్కలు నాటవచ్చు. కోట్ల ఏళ్లలో ఏర్పడిన నీటి పొరను మాత్రం తిరిగి పరచలేం. 2005లో ప్రకటించిన అచానక్‌మార్–అమర్‌కంటక్ జీవావరణ పరిరక్షణ ప్రాంతం అడవికి, వన్యప్రాణికి రక్షణగా నిలిచింది. అడవి కింది రాతి పొరనూ నీటి వనరుగా లెక్కించినప్పుడే ఆ రక్షణ సంపూర్ణమవుతుంది.