మదనపల్లెలో అనువాదమైన గీతం, దేశభక్తికి పెట్టే పరీక్ష

ప్రజాస్వామ్యంలో దేశభక్తి అంటే ఒక నేల మీద, ఆ నేల మీద బతుకుతున్న మనుషుల మీద, వారంతా కలిసి ఏర్పరచుకున్న రాజ్యాంగం మీద ఉండే మమకారం, ఆ మమకారంతో పాటు వచ్చే బాధ్యత. ప్రభుత్వమన్నది ఆ మనుషులే ఓటు వేసి, కొంత అధికారాన్ని కొంత కాలానికి మాత్రమే అప్పగించిన యంత్రాంగం. మొదటిది జీవితాంతం నిలిచే అనుబంధం, రెండోది ఎన్నికల్లో ఓడితే దిగిపోవలసినది కాబట్టి, ప్రభుత్వాన్ని ప్రశ్నించడం దేశం పట్ల విధేయతకు ఏ విధంగానూ భంగం కాదు. అధికారంలో ఉన్నవారు ఈ తేడాను చెరిపివేసి, తమపై వచ్చిన విమర్శను దేశంపై జరిగిన దాడిగా చూపించినప్పుడు దేశభక్తి రాజకీయ దుర్వినియోగానికి గురవుతుంది. దేశాన్ని వ్యక్తి మనస్సాక్షి కంటే, న్యాయం కంటే కూడా పైన నిలబెట్టే ఉగ్ర జాతీయవాదం ఈ దుర్వినియోగానికి కావలసిన భాషను సమకూరుస్తుంది.

ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి చిత్తూరు సీమ పాఠకులు దూరం వెళ్లనవసరం లేదు. రామసముద్రం, పుంగనూరు, కుప్పం బడుల్లో పిల్లలు నిత్యం పాడే జాతీయగీతాన్ని రవీంద్రనాథ్ ఠాగూర్ ఆంగ్లంలోకి అనువదించినది మదనపల్లెలోనే. అనీ బిసెంట్ 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలలో అతిథిగా ఉన్న రోజుల్లో, 1919 ఫిబ్రవరి 28న ఆయన ఆ అనువాదం చేశారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య, సంగీతంలో శిక్షణ పొందిన మార్గరెట్ కజిన్స్ ఆయన చేత పాడించుకుని స్వరలిపి రాయగా, కళాశాల ఆ పాటను తన ప్రార్థనాగీతంగా స్వీకరించింది. రాజ్యాంగ సభ దానిని 1950 జనవరి 24న జాతీయగీతంగా ప్రకటించడానికి మూడు దశాబ్దాల ముందే మదనపల్లె విద్యార్థుల గొంతులు దానికి అలవాటు పడ్డాయి.

ఆ గీతం రాసిన కవి, తన కాలంలో జాతీయవాదాన్ని అందరికంటే నిశితంగా విమర్శించినవారు కూడా కావడం ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. ఐరోపా మొదటి ప్రపంచ యుద్ధంలో తగలబడుతుండగా, 1916, 1917 సంవత్సరాల్లో జపాన్‌లోనూ అమెరికాలోనూ చేసిన ఉపన్యాసాల్లో, దేశాన్ని ఒక బలప్రయోగ యంత్రంగా మార్చి మనిషిని అందులో మరచీలగా చేసే ధోరణి మానవత్వానికే ముప్పని ఆయన హెచ్చరించారు. మదనపల్లె నుంచి వెళ్లిన కొద్ది వారాలకే, విచారణ లేకుండా నిర్బంధించే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టిన రౌలట్ చట్టం వచ్చింది. ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో సైన్యం నిరాయుధులపై కాల్పులు జరిపింది. మే నెలాఖరులో ఠాగూర్ వైస్రాయ్‌కి లేఖ రాసి, బ్రిటిష్ ప్రభుత్వం 1915లో ఇచ్చిన ‘సర్’ బిరుదును వదులుకున్నారు. జాతీయవాదాన్ని నిరసించిన మనిషి తన ప్రజలకు అవమానం జరిగినప్పుడు అలా నిలబడడంలో వైరుధ్యం ఏమీ లేదు, ఎందుకంటే ఆయన ప్రేమకు పాత్రులు మనుషులే.

మార్గరెట్ కజిన్స్ జీవితం కూడా ఇదే మాటకు మరో సాక్ష్యం. ఐర్లండ్‌లో పుట్టిన ఈమె భారతదేశంలో మహిళల ఓటు హక్కు కోసం పనిచేసి, పౌర స్వేచ్ఛలను అణచివేసే ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు 1932లో జైలుకు వెళ్లారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఇంకా ముందుకు వెళ్లి, జాతీయత మనుషులను విడదీసి యుద్ధాలకు దారి తీస్తుందని జీవితమంతా చెప్పారు. ఆయనతో ఏకీభవించని వారు ఎందరో ఉండవచ్చు కానీ, ఆ మాట చెప్పినందుకు ఆయన ఈ నేలకు పరాయివాడయ్యాడని ఎవరూ అనలేరు.

విమర్శను నేరంగా మార్చే పద్ధతి వలస పాలన ఇచ్చి వెళ్లిన వారసత్వం. 1870లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 124ఎ సెక్షన్, అంటే రాజద్రోహ నిబంధన, కాపాడినది దేశాన్ని కాదు, ప్రభుత్వాన్ని. ప్రభుత్వం పట్ల ద్వేషం, అయిష్టత కలిగించే మాటే అందులో నేరం. రాయలసీమ బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలోని రాతకుగాను 1908లో ఈ సెక్షన్ కిందే జైలు పాలయ్యారు. ఈనాడు ఆయన దేశభక్తుడన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు కానీ, ఆనాటి కోర్టు రికార్డుల్లో ఆయన ద్రోహి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ సెక్షన్ అలాగే మిగిలింది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, హింసకు లేదా అశాంతికి పురికొల్పే మాటలకే అది వర్తిస్తుందని హద్దు గీసినా, కింది స్థాయిలో పోలీసులు ఆ హద్దును తరచుగా దాటారు. శిక్ష పడినా పడకపోయినా, అరెస్టు, బెయిలు, వాయిదాల చుట్టూ తిరగడమే మాట్లాడే మనిషికి శిక్షగా మారుతుందని గ్రహిస్తే ఈ దుర్వినియోగం ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది.

ఇది ఒక్క పార్టీకి అంటగట్టదగిన దోషం కాదు. అత్యవసర పరిస్థితి కాలంలో కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉన్న దేవకాంత్ బారువా ఇందిరనూ ఇండియానూ ఒకటిగా చేసి మాట్లాడారు. పౌరుల ప్రాథమిక విధులను, వాటిలో మొదటిదిగా రాజ్యాంగాన్నీ జెండానూ జాతీయగీతాన్నీ గౌరవించే విధిని, 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చిన సమయానికి ప్రతిపక్ష నాయకులు అనేకులు జైళ్లలో ఉన్నారు. పౌరులకు హక్కులు అందని కాలంలోనే పాలకులు వారి విధులను గుర్తు చేయడం చరిత్రలో చాలాసార్లు కనిపించే సంగతి.

జాతీయగీతమే విధేయతకు పరీక్షగా మారిన సందర్భం 1985లో కేరళలో వచ్చింది. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు, గీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడ్డారు కానీ, దేవుని ప్రార్థన తప్ప మరేదీ పాడకూడదన్న తమ విశ్వాసం కారణంగా గొంతు కలపలేదు. బడి వారిని బయటికి పంపింది, హైకోర్టు జోక్యం చేసుకోలేదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టులో తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. గీతం పాడి తీరాలని నిర్బంధించే చట్టమేదీ లేదని, లేచి నిలబడడంలోనే తగిన గౌరవం ఉందని, పిల్లలను వెళ్లగొట్టడం భావప్రకటన స్వేచ్ఛకూ మత స్వేచ్ఛకూ భంగమని ఆయన తేల్చి చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న 1943లో, ఇదే శాఖ పిల్లలు జెండాకు వందనం చేయనందుకు బడి నుంచి పంపివేయడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కూడా ఆయన ప్రస్తావించారు. సంఖ్యలో అత్యల్పులైన వారికి రాజ్యాంగం కింద చోటు దొరుకుతుందా అన్నదే ప్రజాస్వామ్యానికి అసలు పరీక్ష అన్న ఆ తీర్పు సారాంశం తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉండదగినది.

ఆ తీర్పు చట్టంగా నిలిచి ఉండగానే, 2016 నవంబరు 30న సుప్రీంకోర్టు సినిమా హాళ్లలో ప్రదర్శనకు ముందు జాతీయగీతం తప్పనిసరి అని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. హాళ్లలో పక్కవారి దేశభక్తిని తాము కొలవగలమనుకున్న ప్రేక్షకులు, నిలబడనివారిపై చేయి చేసుకున్న ఘటనలు వార్తలకెక్కాయి. 2018 జనవరి 9న కోర్టు తన ఉత్తర్వును సవరించి, గీతం వినిపించడాన్ని హాళ్ల ఇష్టానికి వదిలింది.

రాజద్రోహ సెక్షన్ అమలును సుప్రీంకోర్టు 2022 మే నెలలో నిలిపివేసింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ లేదు. దాని స్థానంలో వచ్చిన 152వ సెక్షన్ ప్రభుత్వం పట్ల అయిష్టతను నేరమనకుండా, దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను ప్రమాదంలో పడవేసే చర్యలను నేరమంటుంది. కాగితం మీద ఇది సరైన దిశలో వేసిన అడుగే. అయితే ఏ మాట దేశానికి ప్రమాదమో మొదట నిర్ణయించేది ఇప్పటికీ ఠాణాలోని అధికారే, శిక్ష యావజ్జీవం వరకూ ఉండవచ్చు. 1962లో గీసిన హద్దు ఈ కొత్త సెక్షన్‌కు ఎంతవరకు వర్తిస్తుందన్నది న్యాయస్థానాలు కేసు తరువాత కేసులో తేల్చవలసి ఉంటుంది.