చుక్కకూ కంటికీ మధ్య మంచు

కార్తీకం వచ్చిందంటే మిరుదొడ్డి మీది ఆకాశం కడిగినట్టవుతుంది. వానాకాలం మబ్బులు పోయి ఉంటాయి, ఎండాకాలం దుమ్ము ఇంకా లేవదు. పొద్దుగూకిన కాసేపటికే తూర్పున పిల్లలకోడి కనిపిస్తుంది. దాని వెనకే ఎర్రగా రోహిణి, ఇంకాస్త రాత్రయితే మృగశిర. టెలిస్కోపు ఉన్నవాళ్లు ఏడాదంతా ఎదురుచూసే నెలలివి. మంచు కురిసేదీ ఈ నెలల్లోనే. తొమ్మిదింటికి పిల్లలకోడిలో చుక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉంటాయి. పదిన్నరకల్లా అన్నీ అలుక్కుపోతాయి. ఫోకస్ ఎంత తిప్పినా కుదరదు. టార్చి వేసి చూస్తే లెన్సు నిండా సన్నటి తడి.

చాలామంది ఇక్కడే సామాను సర్దేస్తారు. ఇంకొందరు జేబురుమాలు తీసి తుడుస్తారు. అది ఇంకా ప్రమాదం. తడిలో కలిసిన దుమ్ము లెన్సు మీది పూతను గీకేస్తుంది, తుడిచిన ఐదు నిమిషాలకు తేమ మళ్లీ పడుతుంది. బజారులో దీనికి వేలల్లో ధర పలికే హీటర్లు, కంట్రోలర్లు ఉన్నాయి. మన అవసరానికి అవేవీ అక్కర్లేదు. మంచు ఎందుకు పడుతుందో తెలిస్తే చాలు, మందు కొన్ని వందల రూపాయల్లోనే దొరుకుతుంది.

చలికాలం పొద్దున్నే వాకిట్లో చూడండి. వేపచెట్టు కింద పెట్టిన బైకు సీటు పొడిగా ఉంటుంది. నాలుగడుగుల అవతల ఆరుబయట నిలబెట్టిన బైకు సీటు మాత్రం చేత్తో తుడిస్తే నీళ్లు కారేంతగా తడిసి ఉంటుంది. రెండింటి చుట్టూ ఉన్న గాలి ఒకటే, గాలిలోని తేమా ఒకటే. ఉన్న తేడా అల్లా, చెట్టు కింది బైకుకు ఆకాశం కనపడదు. మబ్బులేని రాత్రి ఆరుబయట ఉన్న ప్రతి వస్తువూ తన వేడిని ఆకాశానికి వదులుకుంటుంది. తిరిగి వచ్చేది తక్కువ కాబట్టి చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడిపోతుంది. అలా ఒక హద్దు దాటి చల్లబడగానే గాలిలోని ఆవిరి దాని మీద నీటి బొట్లుగా మారుతుంది. ఆకుల అడ్డం ఉంటే ఆ వేడి అంతగా పోదు.

లండన్‌లో వైద్యం చేసిన విలియం చార్లెస్ వెల్స్ ఈ సంగతిని 1814లో అచ్చయిన తన పుస్తకంలో నిరూపించాడు. ఆయన వాడిన సామాను ఉన్ని ముక్కలు, ఒక చెక్క పలక, త్రాసు. పలక మీద కొంత ఉన్ని, అంతే బరువు ఉన్ని పలక కింద పెట్టి రాత్రంతా ఆరుబయట వదిలేవాడు. తెల్లారి తూచి చూస్తే పైన ఉన్న ఉన్ని ఎక్కువ బరువెక్కేది. కింద ఉన్నదానికి ఆకాశం కనపడకపోవడమే కారణం. టెలిస్కోపు యజమానికి ఈ ఒక్క ప్రయోగం చాలు.

అయితే హద్దు ఎంత దగ్గరగా ఉంటుందో కూడా తెలియాలి. రాత్రి చలి 16 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతం ఉందనుకుందాం. అప్పుడు లెన్సు గాలి కంటే కేవలం డిగ్రీన్నర చల్లబడితే చాలు, మంచు పడుతుంది. కూడవెల్లి వాగు పరీవాహకంలో, యాసంగి నాట్ల కోసం మడులన్నీ నీళ్లతో నిండి ఉన్నప్పుడు గాలిలో తేమకు కొదవుండదు. తేమను మనం తగ్గించలేం. లెన్సును ఆ డిగ్రీన్నర కాపాడుకోగలం. ఈ పోరాటమంతా ఆ డిగ్రీన్నర కోసమే.

పెద్ద అబ్జర్వేటరీల్లో ఈ పని డోమ్ చాలావరకు చేసిపెడుతుంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల టెలిస్కోపు కొని హైదరాబాద్‌లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీని 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. అక్కడి 8 అంగుళాల కెమెరా టెలిస్కోపుతో ఫొటోలు తీసి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి 12 సంపుటాలుగా అచ్చువేశారు. ప్రపంచ దేశాలు పంచుకొని చేసిన ఆకాశపు సర్వేలో అది హైదరాబాద్ వాటా. ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. అలాంటి చోట్ల డోమ్‌లో సన్నని చీలిక మాత్రమే తెరుచుకుంటుంది. టెలిస్కోపుకు ఆ చీలికలోంచి కనిపించేంత ఆకాశమే కనిపిస్తుంది, మిగతాదంతా కప్పే.

మనకు డోమ్ లేదు. లెన్సు ముందు ఒక గొట్టం పెట్టుకుంటే అది దాదాపు అదే పని చేస్తుంది. యోగా చేసుకునే ఫోమ్ చాప ఒకటి కొనండి. టెలిస్కోపు గొట్టానికి ఒక చుట్టు చుట్టి, రెండు అంచులూ కాస్త ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు కోసి, వెల్క్రో పట్టీతో బిగించండి. లెన్సు ముందుకు ఎంత పొడుగు ఉండాలంటే, లెన్సు వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. 80 మిల్లీమీటర్ల టెలిస్కోపుకైతే 12 నుంచి 16 సెంటీమీటర్లు. లోపలి వైపు నల్లగా ఉంటే వీధిదీపాల వెలుగు కూడా ఆగుతుంది. అట్టతో చేస్తే అర్ధరాత్రికల్లా నాని వంగిపోతుంది. రేకు తానే చల్లబడిపోతుంది. నన్నడిగితే ఫోమ్‌ను మించింది లేదు.

వెనక అద్దం ఉండే న్యూటోనియన్, డాబ్సోనియన్ రకాలకు పెద్ద అద్దం గొట్టం అడుగున భద్రంగా ఉంటుంది. వాటికి తంటా అంతా పైన ఏటవాలుగా ఉండే చిన్న అద్దంతోనూ, గురి చూసుకునే ఫైండర్‌తోనూ. గొట్టం నోటికి ఫోమ్ పొడిగింపు, ఫైండర్‌కు చిన్న ప్లాస్టిక్ పైపు ముక్క సరిపోతాయి. కన్ను పెట్టి చూసే ఐపీసులను వాడనప్పుడు చొక్కా జేబులో పెట్టుకోండి. ఒంటి వేడికి వాటి మీద మంచు పడదు. ముందు భాగాన పలుచని గాజు పలక ఉండే ష్మిట్-కాసెగ్రెయిన్ రకానికి మాత్రం మంచు అందరికంటే ముందు పడుతుంది. దానికి ఫోమ్ లేకుండా చలికాలంలో బయటికి రావడం దండగ.

గొట్టం పెట్టాక కూడా కొన్ని రాత్రులు మంచు గెలుస్తుంది. అప్పుడు కాస్త వేడి కావాలి. రేడియోలు బాగుచేసే షాపులో 470 ఓమ్‌ల అరవాటు రెసిస్టర్లు పది తీసుకోండి. ఖర్చు వంద రూపాయలు దాటదు. వాటిని ఒక రిబ్బను పొడవునా, సిరీస్‌లో కాకుండా పారలెల్‌గా కలపండి. 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే ఒక్కో రెసిస్టరు దాదాపు 0.3 వాట్లు, పది కలిసి 3 వాట్లు ఇస్తాయి. లాగే కరెంటు పావు ఆంపియరు. చిన్న యూపీఎస్‌లలో ఉండే 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ సగం కూడా ఖాళీ కాకుండా రాత్రంతా నడుస్తుంది. రిబ్బనును లెన్సు అంచున గొట్టానికి చుట్టి, దాని మీద ఫోమ్ కప్పండి. టంకం వేసిన ప్రతిచోటా ఇన్సులేషన్ టేపు, బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు తప్పనిసరి. చిన్న టెలిస్కోపుకు 3 వాట్లు చాలు. ఎక్కువ వేడి పెడితే లెన్సు ముందు గాలి కదిలి చుక్కలు వణుకుతాయి. చేత్తో తాకితే వెచ్చదనం తెలిసీ తెలియనట్టు ఉండాలి.

ఎక్కడ నిలబెడుతున్నామన్నదీ ముఖ్యమే. పొలం గట్టు మీద చీకటి బాగుంటుంది కానీ, చల్లటి తేమగాలి నేల దగ్గరే పేరుకుంటుంది. స్లాబు ఎక్కితే కాస్త పొడి గాలి దొరుకుతుంది. పగటి వేడిని స్లాబు ఒకటి రెండు గంటలు కక్కుతుంది, అంతవరకు చుక్కలు వణుకుతాయి. ఆ తర్వాత నిశ్చింత. మిరుదొడ్డి లాంటి చోట నేను స్లాబుకే ఓటు వేస్తాను. పొగమంచు కమ్ముకున్న రాత్రి మాత్రం ఏ ఉపాయమూ పనిచేయదు, పడుకోవడమే మేలు. తడినేల మీద కరెంటు వైరు పరిచి హెయిర్ డ్రయ్యరు తిప్పడం వద్దే వద్దు.

పని ముగిశాక ఒక జాగ్రత్త ఉంది. మంచు పడని లెన్సుకు బయటే మూత పెట్టి, ఆ తర్వాతే ఇంట్లోకి తేవాలి. చల్లటి లెన్సును మూత లేకుండా వెచ్చని గదిలోకి తెస్తే, రాత్రంతా బయట ఆపిన తేమ ఇంట్లో పడుతుంది. ఒకవేళ బయటే తడిసి ఉంటే, ఇంట్లో మూత తీసి, కిందికి వాల్చి, దానంతటదే ఆరనివ్వాలి. తడి లోపల మిగిలిన లెన్సును పెట్టెలో మూసేస్తే కొన్నాళ్లకు బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. అది ఒకసారి పట్టిందంటే పోగొట్టడం కష్టం. పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయండి. రంగు మారినప్పుడు పెనం మీద సన్నని సెగకు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది.

మాఘ అమావాస్యకు కూడవెల్లి జాతరకు పోయి వచ్చినవాళ్లకు ఆ రాత్రి చీకటి ఎంత చిక్కగా ఉంటుందో తెలుసు. దాని ముందూ వెనకా రాత్రుల్లో మృగశిర నెత్తిమీద ఉంటుంది. బడిలో సైన్సు గదిలోనో, ఇంట్లో అటక మీదో టెలిస్కోపు మూలన పడి ఉంటే, సైన్సు సార్లూ టీచర్లూ, పిల్లల తల్లిదండ్రులూ ఈ అమావాస్యకు దాన్ని కిందికి దించండి. ఒక ఫోమ్ చాప కొని పిల్లల చేతనే కోయించి చుట్టించండి. పదిన్నరకు ఇంటికి పొమ్మనకుండా, వాళ్లను ఇంకో రెండు గంటలు చూడనివ్వండి.