అవ్వ బస్సెక్కని ఏడాది

నిర్మల్, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకి నలభై ఏళ్లు దాటుతుండగా ఒక దిగులు మొదలవుతుంది. తునికాకును కొలతకు కత్తిరించాలి, చిటికెడు తంబాకు సమంగా పరవాలి, జారకుండా చుట్టాలి, కొస మడిచి దారం కట్టాలి. వేళ్లకి ఇరవై ఏళ్ల అలవాటు. కళ్లే మొరాయిస్తాయి. దారం రెండు పోగులుగా కనిపిస్తుంది, కొస ఎక్కడుందో తెలియదు. కూలి వెయ్యి బీడీల లెక్కన. వెయ్యి చుట్టే మనిషి ఏడువందల దగ్గర ఆగిపోతే వయసు మీద పడిందనుకుంటారు, నరాల బలహీనత అనుకుంటారు. చేట పక్కన పెట్టి, కూతుర్ని కూర్చోమంటారు.

అది చత్వారం. దానికి మందు ఒక జత కళ్లజోడు.

ఆ వైపు ఒక మండల కేంద్రంలో, బస్టాండుకి నాలుగడుగుల దూరంలో, రెండు గదుల అద్దె ఇంట్లో నేనొక ఉదయమంతా కూర్చున్నాను. లోపలి గదిలో స్లిట్ ల్యాంప్, దాని ముందు గడ్డం ఆనించే పట్టీ, పక్కన పెట్టెలో వరుసగా అద్దాలు, గోడకి పటం. చదువు రానివాళ్ల కోసం మూడు కొమ్మల గుర్తుల పటం, ఆ కొమ్మలు ఎటు తిరిగి ఉన్నాయో వేలితో చూపిస్తే చాలు. పరీక్ష చేస్తున్న అమ్మాయికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ఇంటర్ చదివి, ఏడాది శిక్షణ తీసుకుని, పక్క ఊరి నుంచే రోజూ వస్తుంది. అక్కడ డాక్టర్ లేడు. ఉండాల్సిన అవసరం లేకుండానే ఆ గదిని అమర్చుకున్నారు.

ఒకావిడ కొంగుముడి విప్పి దారపు ఉండ తీసింది. "పటం సంగతి నాకెందుకు బిడ్డా, గిది కనవడితె చాలు" అంది. ఆ పిల్ల విసుక్కోలేదు. ట్రయల్ ఫ్రేమ్ పెట్టి, ఒక అద్దం వేసి, తీసి, మరొకటి వేసింది. "ఇప్పుడు మంచిగున్నదా, ముందుగాలది మంచిగుండెనా?" నాలుగో అద్దానికి ఆవిడ మాట్లాడటం మానేసింది. దారం కొసని గోటితో విడదీసింది. మళ్లీ కలిపింది. మళ్లీ విడదీసింది.

ఇలాంటి గదిని విజన్ సెంటర్ అంటారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, కర్ణాటకల్లో ఇలాంటివి రెండు వందలకు పైగా నడుపుతున్న సంస్థ మనందరికీ తెలిసిందే, హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి. లాభాపేక్ష లేని సంస్థ. 1987లో తలుపులు తెరిచిన దగ్గర్నుంచి 3 కోట్ల మందికి పైగా సేవలందించింది. వాళ్లలో సగానికి సగం మంది దగ్గర పైసా తీసుకోలేదు.

ఏడాది తిరిగేసరికి ప్రతి పెద్ద ఆసుపత్రీ నున్నటి కాగితం మీద ఒక నివేదిక అచ్చు వేస్తుంది. ఎన్ని ఆపరేషన్లు చేశారు, ఎన్ని కొత్త యంత్రాలు కొన్నారు, ఎన్ని అంతస్తులు లేచాయి, ఎవరెవరికి అవార్డులొచ్చాయి. ఆ పేజీల విలువ తక్కువ చేయను, అవి కష్టార్జితాలే. కానీ ఒక ప్రాంతపు ఆరోగ్య వ్యవస్థ నిజంగా ఎదిగిందో లేదో తెలియాలంటే నేను వెతికే లెక్క వేరు. ఈ ఏడాది ఎంతమంది పట్నం బస్సెక్కాల్సిన పని లేకుండా పోయింది?

ఈ లెక్క మీద నాకింత పట్టు ఎందుకంటే, మా అమ్మమ్మ బస్సెక్కింది. 1970ల సంగతి. కళ్లలో పొరలు కమ్మాయి. పొర ముదిరితేగాని కోయరని చెప్పారు, అది ముదిరేదాకా రెండేళ్లు గోడలు తడుముకుంటూ తిరిగింది. జిల్లా కేంద్రానికి తీసుకెళ్తే ఆపరేషన్ చేసి, తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి పడుకోబెట్టారు. దగ్గకూడదు, తుమ్మకూడదు. వెంట మా అమ్మా, చంకలో నేనూ. అప్పట్లో కంట్లో లెన్సు పెట్టడం మన దగ్గర లేదు గనక, సీసా అడుగులాంటి దళసరి అద్దాలిచ్చి పంపారు. ఆ అద్దాల్లోంచి గుమ్మం మీదకి వచ్చినట్టు కనిపించేది, గ్లాసు ఒకచోట ఉంటే చెయ్యి ఇంకోచోటికి వెళ్లేది. రెండో కంటికి మళ్లీ పట్నం వెళ్దామంటే ఒప్పుకోలేదు. "మీ పనులు చెడగొట్టను" అంది. నొప్పికి భయపడి కాదు, నలుగురి కూలి పోతుందని ఆ కన్ను వదులుకుంది.

ఇప్పుడు శుక్లం ఆపరేషన్‌కి చిన్న కోత చాలు, లోపలే లెన్సు పెడతారు, ఆ పూటో మర్నాడో ఇంటికి పంపేస్తారు. వైద్యం అంత సులువయ్యాక కూడా కళ్లు పోగొట్టుకుంటున్నారంటే దానికి కారణం దూరం, ఖర్చు, తోడు వచ్చే మనిషి లేకపోవడం. ఈ మాటను ఊహగా వదిలేయకుండా లెక్క తేల్చిన పని ఒకటుంది. 1996 నుంచి 2000 దాకా ఈ సంస్థ వాళ్లు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించారు. ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనం అని దానికి పేరు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అంధత్వం 1.84 శాతం అని తేలింది, అంటే వందమందిలో దాదాపు ఇద్దరు. ఆ అంధత్వంలో 44 శాతం శుక్లాల వల్లే. మరో 16.3 శాతానికి కారణం సరైన కళ్లజోడు లేకపోవడం!

ఈ రెండో అంకె దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. చూపు పోయిందని మూల కూర్చోబెట్టిన ఆరుగురిలో ఒకరికి కావలసింది రెండు గాజుబిళ్లలు, ఒక చట్రం.

సంస్థ స్థాపకులు డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో కంటి వైద్యం నేర్చి, అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసి, 1986లో తిరిగొచ్చారు. ఆసుపత్రి కోసం సినీ దర్శక నిర్మాత ఎల్వీ ప్రసాద్ బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ, తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'లోనూ నటించిన మనిషి ఆయన. తెరమీద బొమ్మ చూడటానికి కళ్లుండాలన్న సంగతి ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు?

పట్నంలో మంచి ఆసుపత్రి కట్టి అక్కడితో ఆగి ఉంటే అది మరో మంచి ఆసుపత్రి అయ్యేది. వీళ్లు కిందికి దిగారు. దిగడానికి ఒక పిరమిడ్ గీసుకున్నారు. 5 వేల జనాభాకి ఒక కార్యకర్త. 50 వేలకి ఒక విజన్ సెంటర్. 5 లక్షలకి ఆపరేషన్ థియేటర్ ఉన్న చిన్న ఆసుపత్రి. 50 లక్షలకి పెద్దాసుపత్రి. 5 కోట్లకి శిఖరం, అంటే హైదరాబాద్. ప్రతి మెట్టూ తన కింది మెట్టుకి పదింతలు. కింద తేలిపోయేది పైకి రాకూడదు, పైకి రావలసింది కింద ఆగిపోకూడదు. భువనేశ్వర్, విశాఖపట్నం 2006లో, విజయవాడ 2011లో తోడయ్యాయి.

గ్రామీణ ప్రయాణం మొదలైంది మాత్రం ముధోల్‌లో. నాటి ఆదిలాబాద్ జిల్లా, నేటి నిర్మల్ జిల్లా. బాసర అక్కడికి దగ్గరే, ఎక్కడెక్కడి పిల్లలకో అక్షరాభ్యాసం జరిగే చోటు. ఆ పక్కనే, అక్షరం మసకబారిన పెద్దవాళ్ల కోసం భోస్లే గోపాల్‌రావు పటేల్ పేరిట కంటి ఆసుపత్రి వెలిసింది. తర్వాత పాలమూరు వైపు తూడుకుర్తి, ఇంకా ఎన్నో ఊళ్లు. ఈ పల్లె ఆసుపత్రుల గోడల మీద పేర్లు చదివితే చాలావరకు ఎవరో ఒకరి అమ్మానాన్నల పేర్లు. పొలం అమ్ముకుని పిల్లల్ని చదివించినవాళ్లు, ఆ పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడి ఊరికి తిరిగి పెట్టిన దీపాలు. సంస్థ ఎదిగిందంటే సంస్థ ఒక్కటే ఎదగలేదు, దాని చుట్టూ ఊళ్లూ చెయ్యి వేశాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఉచితం అనగానే అది చేతగాని వైద్యమనే అనుమానం మనలో ఉంది. ఇక్కడ ఇవ్వగలవాళ్లు ఇస్తారు, ఇవ్వలేనివాళ్లు ఇవ్వరు, కత్తి పట్టే డాక్టర్ మాత్రం ఇద్దరికీ ఒక్కరే. డబ్బు కట్టినవాళ్ల గది సౌకర్యంగా ఉండొచ్చు, కంట్లో జరిగే పనిలో తేడా ఉండదు. విజన్ సెంటర్ అయితే కళ్లజోళ్ల అమ్మకం మీదే చాలావరకు తన ఖర్చు తాను వెళ్లదీసుకుంటుంది. అందుకే అది క్యాంపులాగా వచ్చి వెళ్లిపోయేది కాదు. క్యాంపులూ కావాలి. 2018లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కంటి వెలుగు ఊరూరా పరీక్షలు చేసి, కళ్లజోళ్లు ఇచ్చి, కళ్లు చూపించుకోవాలన్న ఆలోచనను ప్రతి గడపకీ తెచ్చింది. కానీ ఫ్రేము విరిగిన నాడు, పవర్ మారిన నాడు, కన్ను ఎర్రబడ్డ నాడు తలుపు తట్టడానికి ఒక గది కావాలి.

ముఖ్యంగా కన్ను ఎర్రబడ్డ నాడు. వరి కోతల్లో ఆకు అంచు నల్లగుడ్డును గీస్తుంది. కనిపించేంత గాయమైనా ఉండదు. ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. ఎవరో ఆకు పసరు పిండుతారు, ఎవరో చంటిపిల్ల తల్లి పాలు వేయమంటారు, మందుల షాపులో అడిగితే చేతికొచ్చిన చుక్కల మందు ఇస్తారు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉండి, గాయంలో దిగింది ఫంగస్ అయితే, నిప్పు మీద నూనె పోసినట్టే. కొద్దిరోజుల్లో నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు. కోత కూలీకి ఆ కన్ను ఇక లేనట్టే. విజన్ సెంటర్ అమ్మాయి ఈ పుండుకి తానే మందు రాయదు. స్లిట్ ల్యాంప్ కింద దాన్ని గుర్తుపట్టి, అదే రోజు పై ఆసుపత్రికి పంపుతుంది. ఆమె చదువంతా ఆ ఒక్క నిమిషం కోసమే అనిపించింది నాకు.

పువ్వు పడ్డాక మిగిలేది దాత కన్ను. 1989లో మొదలైన రామాయమ్మ నేత్ర నిధి పని అక్కడుంది. చనిపోయిన ఆరు గంటల్లోపు కార్నియా సేకరించాలి. ఆసుపత్రుల్లో ఆప్తులు పోయి కుప్పకూలిన కుటుంబం పక్కన కూర్చుని, ఓదార్చి, ఆ దుఃఖంలోనే ఒక మాట అడిగే సలహాదారులు ఉంటారు. ఆ మాట నోటికి రావడం ఎంత కష్టమో, ఒప్పుకోవడం అంతకన్నా కష్టం. ఈ సంస్థలో కార్నియా మార్పిడులు 50 వేలు దాటాయంటే, దాని వెనక ఎన్ని వేల ఇళ్లు తమ చావు పూట పరాయివాళ్ల చూపు గురించి ఆలోచించాయో లెక్క కట్టుకోవచ్చు. నివేదికలో అది సంస్థ ఘనతగా అచ్చవుతుంది. అందులో పెద్ద వాటా ఆ ఇళ్లది.

శిఖరం మీద జరిగే పనిని చిన్నది చేస్తున్నానని అనుకోవద్దు. యాసిడ్, సున్నం పడి కాలిన కళ్లకి ఆరోగ్యంగా ఉన్న రెండో కంటి నుంచి చిటికెడు మూలకణాల పొర తీసి, ముక్కలు చేసి, కాలిన కంటి మీద నాటే పద్ధతి ఇక్కడే రూపుదిద్దుకుంది. 2012లో ప్రపంచానికి వెల్లడైంది. ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేని పద్ధతి కాబట్టే ఇతర దేశాలూ అందుకున్నాయి. పేదవాడికి అందాలన్న పట్టుదల ఉన్నచోట పుట్టిన శాస్త్రానికి ఆ పోలిక ఉంటుంది.

అయినా నా కళ్లు కింది మెట్టు వైపే పోతాయి. అస్సాంలో తేయాకు కోసే కూలీలకి దగ్గరి చూపు కళ్లజోళ్లు ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి 2018లో అచ్చయింది. వాళ్లు కోసిన ఆకు దాదాపు 22 శాతం పెరిగింది. కూలి రేటు మారలేదు, తోట మారలేదు, మారింది కళ్లజోడే. చూపు సమస్యలున్న వాళ్లలో ప్రపంచమంతటా ఆడవాళ్లే ఎక్కువ, దాదాపు 55 శాతం. మన దగ్గర పట్నం ప్రయాణం ఖర్చు చూసుకుని మొదట ఆగిపోయేదీ వాళ్లే. అందుకే విజన్ సెంటర్ ఆ మండలంలోనే ఉండటం, అందులో కూర్చునే అమ్మాయి ఆ మండలం పిల్లే కావడం చిన్న సంగతులు కావు. మొగుడినీ కొడుకునీ తోడు అడగకుండా, సంతకి వచ్చినట్టు వచ్చి చూపించుకుని పోవచ్చు.

ఆ రోజు మధ్యాహ్నం దాకా పంతొమ్మిది మంది వచ్చారు. నేను లెక్కపెట్టాను. పదకొండు మందికి కళ్లజోళ్లు, నలుగురికి ఏమీ అక్కర్లేదు, ఒకాయనకి నీటికాసులేమోనన్న అనుమానం, ముగ్గురికి శుక్లాలు. కంప్యూటర్‌లో వాళ్ల వివరాలు ఎక్కించాక ఆ అమ్మాయి ఒక పాత నోటు పుస్తకం కూడా తీసి, పై ఆసుపత్రికి పంపాల్సిన చివరి నలుగురి పేర్లూ, ఊళ్లూ, ఫోన్ నంబర్లూ రాసుకుంది. ఎందుకని అడిగితే, "మంగళారం పై ఆసుపత్రికి పోవాలె సార్. ఫోన్ చెయ్యకపోతె ఇంట్ల ఏదో పని వెట్టుకుని ఆగిపోతరు" అంది.

నలుగురిలో ఒక ముసలావిడ గుమ్మం దగ్గర ఇంకా నిలబడే ఉంది. రెండు కళ్లలోనూ పొర. తోడు ఎవరూ లేరు, తానే కర్ర ఊతంగా వచ్చింది. "మంగళారం ఎవరొస్తరవ్వా నీతోని?" అని అమ్మాయి అడిగింది. ఆవిడ జవాబు చెప్పలేదు. అమ్మాయి కాసేపు చూసి, పుస్తకంలో ఆ పేరు పక్కన తన ఫోన్ నంబరే రాసుకుంది.