షుగరు పడిపోతే చెప్పే కుక్క: అర్జీ ఎక్కడ పెట్టుకోవాలి?



ఈమధ్య మా ఓ.పి.కి ఒక పెద్దాయనను ఆయన భార్య తీసుకువచ్చింది. కొల్లేటి వైపు చేపల చెరువు మీద రాత్రి కాపలా ఆయన పని. పద్దెనిమిదేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. నెల తిరగకుండా రెండుసార్లు గట్టు మీద తెలివి తప్పి పడిపోయాడు. రెండోసారి చూసేసరికి కాళ్లు నీళ్లలో ఉన్నాయట. ముందుగా చెమట, వణుకు ఏమైనా తెలిసిందా అని అడిగితే, "ఏమీ తెలియలేదండి" అన్నాడు.

ఆమె మమ్మల్ని ఇంకో సంగతి అడిగింది. "ఇంగ్లండులో నర్సు చేస్తున్న మా అమ్మాయి చెప్పిందండి. అక్కడ షుగరు పడిపోతుంటే ముందే చెప్పే కుక్కలను ఇస్తారంట. మనం ఎక్కడ అర్జీ పెట్టుకోవాలి డాక్టరమ్మగారూ?" బల్ల మీద కూర్చున్నవారు నవ్వారు. నవ్వవలసిన ప్రశ్న కాదది.

అలాంటి కుక్కలు నిజంగానే ఉన్నాయి. 2000 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ముగ్గురు స్త్రీల పెంపుడు కుక్కల గురించి డాక్టర్లు రాశారు. ఎవరూ నేర్పకుండానే అవి యజమానురాలికి షుగరు తగ్గడం కనిపెట్టేవి. ఒక కుక్క అయితే కుర్చీ కింద దూరి, ఆమె ఏదైనా తిన్న తరువాతే బయటికి వచ్చేది. 2008లో ఇంగ్లండులో మెడికల్ డిటెక్షన్ డాగ్స్ అనే సేవాసంస్థ మొదలైంది. ఇది విరాళాల మీద నడుస్తుంది. షుగరు తగ్గిన సమయంలో రోగి ఊపిరి, చెమట వాసనను సేకరించి, ఆ వాసన తగిలినప్పుడు యజమానిని నాకడం, కాలితో తట్టడం కుక్కకు నేర్పేవారు. షుగరు పడిపోయినప్పుడు ఊపిరిలో ఐసోప్రీన్ అనే పదార్థం పెరుగుతుందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు గుర్తించారు. కుక్క పసిగట్టేది బహుశా దానినే కావచ్చు. (షుగరు రోగులు కుక్కకు ఇంతకుముందే ఋణపడి ఉన్నారు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కనుగొన్నది కుక్కల మీద ప్రయోగాలతోనే.)

అయితే అక్కడ కూడా అడిగిన వారందరికీ ఇచ్చేవారు కాదు. ఇన్సులిన్ వాడుతూ, షుగరు పడిపోవడం తమంతట తాము తెలుసుకోలేనివారికే మొదటి చోటు ఉండేది. డాక్టరు ఉత్తరం, షుగరు చూసి రాసుకున్న లెక్కలు కావలసి వచ్చేవి. కుక్కను తిప్పి, మేపి, సాకగల ఇల్లేనా అని చూసేవారు. ఆ తరువాత ఎదురుచూపులు. తీరా వచ్చిన కుక్క అయినా ప్రతిసారీ చెప్పదు. 2019లో ఆ సంస్థ వారు, బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వారు కలిసి 27 కుక్కల లెక్కలు చూశారు. షుగరు తగ్గినప్పుడు మధ్య స్థాయి కుక్క వందకు 83 సార్లు చెప్పింది. అమెరికాలో 2017లో 8 మందికి సెన్సరు పెట్టి సరిచూస్తే వందకు 36 సార్లే చెప్పినట్టు తేలింది. ఏమీ లేనప్పుడు చేసిన హెచ్చరికలూ చాలా ఉన్నాయి. కనుక కుక్క ఉన్నా వేలు గుచ్చి చూసుకోవలసిందే.

కైకలూరులో ఆ అర్జీ పెట్టడానికి ఆఫీసు లేదని ఆమెకు చెప్పాము. కానీ ఆ అర్జీలో అడిగే సంగతులనే ఆమెను కూర్చోబెట్టి అడిగాము. మీ ఇంట్లో ఇన్సులిన్ వాడేవారు ఉంటే మీరూ అడగండి. షుగరు 70 కంటే తగ్గినప్పుడు వారికి తెలుస్తోందా? గత ఏడాదిలో ఎన్నిసార్లు ఎవరో ఒకరు వచ్చి లేపవలసి వచ్చింది? రాత్రి పక్కన ఎవరుంటారు?

"తెలియడం లేదు" అన్నదే అసలు ప్రమాదం. షుగరు పడిపోతుంటే మామూలుగా శరీరం చెమటతో, వణుకుతో, గుండెదడతో హెచ్చరిస్తుంది. మాటిమాటికీ పడిపోతుంటే ఆ హెచ్చరికలు మొద్దుబారిపోతాయి. మనిషి నేరుగా తికమకలోకి, ఆపైన స్పృహ లేని స్థితికి పోతాడు. తూలుతూ పొంతనలేని మాటలు మాట్లాడేవాడిని తాగాడనుకుని వదిలేసిన సందర్భాలు మేము చూశాము. కొన్ని వారాలపాటు ఒక్కసారి కూడా షుగరు పడిపోకుండా చూసుకుంటే చాలామందిలో ఆ హెచ్చరికలు తిరిగి వస్తాయి. అందుకు డోసు మార్చవలసి ఉంటుంది. కాబట్టి పడిపోయిన సంగతి డాక్టరు దగ్గర దాచకండి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి బిళ్లలతో కూడా, ముఖ్యంగా కిడ్నీ జబ్బున్న పెద్దవారిలో, ఇలా జరుగుతుంది.

తెలివిలో ఉంటే వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాల తరువాత మళ్లీ షుగరు చూడండి. ఇంకా తక్కువగా ఉంటే మళ్లీ ఇవ్వండి, తేరుకున్నాక ఇడ్లీయో అన్నమో పెట్టండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

సంఘస్థులకు ఒక మాట. ఇన్సులిన్ వేసుకుని ఉపవాస ప్రార్థనకు ఖాళీ కడుపుతో వస్తున్నవారు ఉన్నారు. ఉపవాసం కోసం ఇన్సులిన్ మానేసేవారూ ఉన్నారు. రెండూ ప్రమాదమే. ముందుగా మమ్మల్ని అడగండి.

ఇక ఆ పెద్దాయన విషయం. రాత్రి డోసు తగ్గించాము. చేతికి అంటించే సెన్సరు రెండు వారాలకొకటి కొనే స్తోమతు వారికి లేదు. అందుకని గుడిసెలో పంచదార డబ్బా పెట్టించాము. రాత్రి రెండు గంటలకు భార్య ఫోన్ చేస్తుంది. ఆయన ఎత్తకపోతే పక్క చెరువు కాపలా అతనికి చేస్తుంది, అతను టార్చిలైటు పట్టుకుని వెళతాడు. ఇప్పటికి ఒక్కసారే వెళ్లవలసి వచ్చింది. ఆయన ఫోను చార్జింగు అయిపోయిందట, మనిషి మెలకువగానే ఉన్నాడు.