నెలలు నిండని శిశువు – నోటితో పాలు తాగే అభ్యాసం

నిండు నెలలతో పుట్టిన శిశువును తల్లి రొమ్ము చెంతకు చేరిస్తే, ఎవరూ నేర్పకుండానే నోరు తెరిచి పాలు కుడుస్తుంది. ఇంత సహజంగా జరిగిపోయే పని కనుక, దీని వెనుక ఎంత నైపుణ్యం ఇమిడి ఉన్నదో మనం సాధారణంగా ఆలోచించము. చీకడం, మింగడం, ఊపిరి పీల్చడం అనే మూడు క్రియలు ఒకదాని వెంట ఒకటి, తప్పులేని వరుసలో సాగాలి. గొంతులో పాలకూ గాలికీ దారి కొంతమేర ఒకటే. మింగే సమయంలో శ్వాసనాళపు ద్వారం మూసుకొని, ఊపిరి లిప్తపాటు ఆగి, మరల మొదలు కావాలి. ఈ వరుస తప్పితే పెద్దవారికైనా పొలమారుతుంది. మనం దగ్గి సర్దుకుంటాము. ఏడు నెలలకే పుట్టిన బిడ్డకు ఆ దగ్గు కూడా ఇంకా సరిగా రాదు. పాలు ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయమే.

గర్భంలో 37 వారాలు పూర్తి కాకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని శిశువుగా పరిగణిస్తారు. 2020లో ప్రపంచం మొత్తంమీద ఇట్టి శిశువులు సుమారు 1 కోటి 34 లక్షల మంది జన్మించారని అంచనా. అందులో 30 లక్షల మంది భారతదేశంలోనే పుట్టారు. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో 2003లో ఏర్పడిన నవజాత శిశు చికిత్సా విభాగం మార్గదర్శకం కాగా, తదుపరి కాలంలో దేశమంతటా జిల్లా ఆసుపత్రులలో ఇట్టి విభాగాలు వెలిశాయి. ఒకప్పుడు ఆశ వదులుకున్న బిడ్డలు నేడు బ్రతుకుతున్నారు. ఊపిరి నిలిచి, ఒంటి వేడి నిలకడగా ఉన్న తరువాత ఆ బిడ్డ ఇంటికి వెళ్ళడానికి మిగిలే పెద్ద ఆటంకం ఒక్కటే: నోటితో పాలు తాగడం రావాలి.

ఈ సామర్థ్యం గర్భంలోనే మెట్టు మెట్టుగా ఏర్పడుతుంది. నాలుగవ నెలనాటికే గర్భస్థ శిశువు ఉమ్మనీటిని మింగుతూ ఉంటుంది. చీకే కదలికలు ఆ తరువాత కనిపిస్తాయి. కాని 28 వారాలకు ముందు ప్రేగుల కదలికే బలహీనంగా ఉంటుంది. 28 నుంచి 31 వారాల మధ్య బిడ్డ కొద్ది కొద్దిగా చీకగలిగినా, దానికీ మింగడానికీ, ఊపిరికీ పొంతన కుదరదు. 32 వారాల నుంచి ఆ పొంతన అంకురిస్తుంది. సుమారు 34 వారాలు నిండేసరికి తల్లి రొమ్మును పట్టి తాగే శక్తి చాలామందిలో కలుగుతుంది. అది పూర్తిగా స్థిరపడడానికి మరి రెండు, మూడు వారాలు పట్టవచ్చును.

ఇక్కడ కుటుంబాలు తరచుగా పొరబడే విషయం ఒకటి ఉన్నది. ఒకే వార్డులో ఒకటిన్నర కిలోల బరువున్న ఇద్దరు బిడ్డలు పక్కపక్కనే ఉండవచ్చును. ఒకరు 31 వారాలకు పుట్టినవారు. మరొకరు 36 వారాలకు పుట్టినా, గర్భంలో పోషణ చాలక బరువు తగ్గినవారు. రెండవ బిడ్డ రెండు రోజులలోనే తల్లిపాలు తాగుతుంటే, మొదటి బిడ్డ తల్లి తన పాలలోనో, తన అదృష్టంలోనో లోపమున్నదని కుమిలిపోతుంది. లోపం ఎవరిలోనూ లేదు. తూకం ఒకటైనా మెదడు వయస్సు వేరు. పాలు తాగే విద్యను నిర్ణయించేది ప్రధానంగా ఆ వయస్సే.

ఆ వయస్సు వచ్చేవరకు బిడ్డకు ఆధారం సన్నని గొట్టం. ఫ్రాన్స్‌లో స్టెఫాన్ టార్నియే అనే ప్రసూతి వైద్యుడు 1880ల దశకంలోనే నెలలు నిండని శిశువులకు గొట్టం ద్వారా పాలు ఇచ్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. నేటి గొట్టం మెత్తని ప్లాస్టిక్‌తో చేసినది. దానిని నోటి ద్వారా గాని, ముక్కు ద్వారా గాని జీర్ణాశయం వరకు పంపుతారు. నవజాత శిశువు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది గనుక, ముక్కు దారిని మూయరాదని అనేకచోట్ల నోటి దారినే ఎంచుకుంటారు. పిచికారీ గొట్టంలో పోసిన పాలను ఒత్తి పంపరు. ఎత్తుగా పట్టుకొని, తమంత తాముగా దిగనిస్తారు. గొట్టాన్ని చూసి చాలామంది తల్లులు భయపడతారు. నిజానికి అది బిడ్డకు విశ్రాంతినిచ్చే సాధనం. పాలు తాగడానికి ఖర్చు కావలసిన శక్తి పెరుగుదలకు మిగులుతుంది.

పాల పరిమాణం కూడా మన ఊహకు అందనంత స్వల్పం. మొదటి రోజులలో కొద్ది మిల్లీలీటర్లతో ఆరంభించి, క్రమంగా రోజుకు కిలో బరువుకు 150 మిల్లీలీటర్లకు, ఆపైకి పెంచుతారు. ఒకటిన్నర కిలోల బిడ్డకు ఆ లెక్కన రోజుకు 225 మిల్లీలీటర్లు. రెండేసి గంటలకు ఒకసారి ఇస్తే, పూటకు సుమారు 19 మిల్లీలీటర్లు. అంటే నాలుగు చిన్న చెంచాలకన్న కొంచెం తక్కువ. ఇందుకు తల్లి చేతితో పిండిన పాలే శ్రేష్ఠం. తల్లికి పాలు పడడం ఆలస్యమైతే దాతల పాలు ఆదుకుంటాయి. ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ 1989లో నెలకొల్పిన తల్లిపాల నిధి ఆసియాలోనే మొదటిది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో అట్టి నిధి ఏర్పడినది.

గొట్టం నుంచి నోటికి మారే ప్రయాణం పాలతో మొదలు కాదు, తల్లి స్పర్శతో మొదలవుతుంది. కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే సనాబ్రియా 1978లో ప్రారంభించగా, హెక్టర్ మార్టినెజ్ తోడై ముందుకు నడిపిన ‘కంగారూ సంరక్షణ’ పద్ధతిలో, బిడ్డను బట్టలు లేకుండా తల్లి గుండెకు ఆనించి కట్టి ఉంచుతారు. ఇంక్యుబేటర్ల కొరతలో పుట్టిన ఈ ఉపాయాన్ని పేదల పద్ధతిగా కొందరు చిన్నచూపు చూశారు. 2021లో ప్రచురితమైన పరిశోధన ఆ అభిప్రాయానికి తావు లేకుండా చేసినది. భారత్, ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాలలోని ఐదు ఆసుపత్రులలో అది జరిగినది. వాటిలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఒకటి. బిడ్డ పరిస్థితి కుదుటపడేవరకు ఆగక, పుట్టిన వెంటనే ఈ సంరక్షణ ఆరంభించినచోట మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. పాల విషయంలోనూ దీని మేలు ప్రత్యక్షం. రొమ్ము వాసన తగిలిన బిడ్డ నోరు కదుపుతుంది, పిడికిలి నోటికి తెచ్చుకుంటుంది; తల్లికి పాలు పడడమూ మెరుగవుతుంది.

తరువాతి మెట్టు పాలు లేని రొమ్మును చీకడం. తల్లి ముందుగా పాలు పిండివేసి, ఖాళీ అయిన రొమ్మును బిడ్డ నోటికి అందిస్తుంది. గొట్టం గుండా పాలు దిగుతున్న సమయంలోనే ఇది జరిగితే మరీ మంచిది. పొలమారే భయం ఉండదు. చీకడానికీ కడుపు నిండడానికీ గల సంబంధం బిడ్డకు తెలిసివస్తుంది. ఇట్టి అభ్యాసం పొందిన శిశువులు గొట్టాన్ని త్వరగా విడిచి, ఆసుపత్రి నుంచి త్వరగా ఇల్లు చేరుతున్నట్లు అధ్యయనాలు తెలుపుతున్నాయి. ఖర్చు లేని ఈ చిన్న పనికి మన వార్డులలో దక్కవలసినంత శ్రద్ధ దక్కడం లేదనక తప్పదు.

గొట్టానికీ రొమ్ముకూ నడుమ మన దేశంలో ఒక చక్కని వంతెన ఉన్నది. అది ఉగ్గుగిన్నె. తమిళులు పాలాడై అనీ, కన్నడిగులు ఒళలె అనీ పిలిచే ముక్కు గిన్నె ఇదే. బెంగాలీ తల్లులు ముత్యపు చిప్ప ఆకారంలోని ఝినుక్‌తో పాలు పడతారు. హిందీ ప్రాంతాలలో కటోరీ, చెంచా వాడుక. అమ్మమ్మల పెట్టెలలోని ఈ గిన్నె పాలాడై అనే పేరుతోనే అంతర్జాతీయ వైద్య గ్రంథాలకు ఎక్కింది. పీకసీసాలో పట్టే మురికి దీనికి పట్టదు. కడిగి మరిగించడం సులువు. శిశు ఆహార ప్రత్యామ్నాయాల, పాలసీసాల ప్రచారాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించినది కూడా. భారతీయ వైద్యులు 1999లో ప్రకటించిన పరిశీలనలో, కప్పుతోగాని సీసాతోగాని తాగినప్పటికన్న పాలాడైతో శిశువులు తక్కువ సమయంలో ఎక్కువ పాలు తాగారు. అయితే 2007లో ఇంగ్లండులో వెలువడిన మరొక పరిశీలనలో పాలు ఎక్కువగా ఒలికిపోయాయి, బిడ్డలు అలసిపోయారు. ఈ రెండూ కలిపి చూస్తే, గిన్నెకన్న దానిని పట్టిన చేతికే ప్రాధాన్యమని నాకు తోస్తుంది.

ఎందుకనగా ఉగ్గు ‘పోయడం’ అనే మాటలోనే ప్రమాదం ఉన్నది. బిడ్డను కాళ్ళమీద వెల్లకిల పడుకోబెట్టి, గొంతులో ఒంపే పాత అలవాటు నెలలు నిండని శిశువుకు పనికిరాదు. ఆ గిన్నెతో ఒకనాడు పట్టిన ఆముదము, తేనె, నీళ్ళు సైతం పనికిరావు. గిన్నెను ఉంచుకొని ఆ అలవాట్లను విడిచిపెట్టాలి. మెలకువగా ఉన్న బిడ్డను ఒడిలో తల ఎత్తుగా ఉండేటట్లు ఆనించుకొని, గిన్నె ముక్కును పెదవి మూలన ఉంచి, పాలు పెదవికి తగిలేంతవరకే వంచాలి. బిడ్డ చప్పరించి గుటక వేయాలి. ఆ గుటక కనిపించిన పిమ్మటనే మరికొన్ని చుక్కలు. తొలుత రోజుకు ఒకటి, రెండు పూటలు ఇట్లా తాగించి, తాగలేక మిగిలినవి గొట్టం ద్వారా ఇస్తారు. ఇరవై, ముప్పై నిమిషాలకు మించి సాగదీస్తే, తాగిన పాలకన్న పడిన శ్రమ ఎక్కువై బరువు పెరుగుదల కుంటుపడుతుంది.

బిడ్డకు మాటలు లేవు గాని భాష ఉన్నది. నిద్ర లేచి తల అటూ ఇటూ తిప్పుతూ నోటితో వెదకడం, గొట్టాన్నే చీకడం సంసిద్ధతకు గుర్తులు. కనుబొమలు ముడవడం, వ్రేళ్ళు విచ్చుకొని బిగుసుకోవడం, పాలు పెదవుల వెంట కారిపోవడం, వెక్కిళ్ళు – ఇవి ఇక చాలునని చెప్పడం. పెదవులు నీలిమ తేరినా, ఊపిరి ఆగినా తక్షణం ఆపి నర్సును పిలవాలి. రొమ్ము దగ్గర కూడా ఇదే నియమం. తల్లికి పాలు ధారగా వస్తుంటే, ముందు కొంచెం పిండివేసిన తరువాత బిడ్డను పట్టించాలి. లేనిచో ఆ వేగానికి బిడ్డ ఉక్కిరిబిక్కిరవుతుంది.

తొందర పుట్టేది సాధారణంగా బిడ్డ చుట్టూ ఉన్నవారిలోనే. ఇంటివద్ద మరో బిడ్డ ఎదురుచూస్తుంటుంది. తండ్రికి రోజుకూలి పోతుంది. ఆసుపత్రిలో మంచానికి మరో బిడ్డ వేచి ఉంటుంది. ఇవన్నీ న్యాయమైన కారణాలే. కాని పూటకు ఐదు మిల్లీలీటర్లు ఎక్కువ తాగించాలనే పట్టుదలతో పొలమార్చితే, వారంలో ఇల్లు చేరవలసిన బిడ్డ మరల ప్రాణవాయువు క్రిందికి చేరవచ్చును. నేడు ఒక పూట పూర్తిగా తాగిన బిడ్డ రేపు నిద్రమత్తులో సగం వదిలివేస్తుంది. ఆ వెనుకంజ ఓటమి కాదు. అలసిన శరీరం విశ్రాంతి కోరుతున్నదని అర్థం. ఆ పూటకు గొట్టాన్ని మరల ఆశ్రయించడానికి సిగ్గుపడనవసరం లేదు.

పాలన్నీ నోటితో తాగుతూ, వరుసగా కొన్ని రోజులు రోజుకు కిలో బరువుకు సుమారు 15 గ్రాముల చొప్పున పెరుగుతూ, ఒంటి వేడిని నిలుపుకోగలిగినప్పుడు బిడ్డను ఇంటికి పంపుతారు. ఇంటివద్ద ఆకలితో ఏడ్చేవరకు ఆగరాదు. నెలలు నిండని శిశువు ఆకలిగా ఉన్నా నిద్రపోతూనే ఉంటుంది గనుక రెండు, మూడు గంటలకు ఒకసారి, రాత్రివేళ సైతం, లేపి పాలు పట్టాలి. రొమ్ము వద్ద త్వరగా అలసిపోయే బిడ్డకు, మిగిలిన పాలను పిండి ఉగ్గుగిన్నెతో తాగించవచ్చును. బిడ్డ వరుసగా రెండు పూటలు తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా, ఊపిరి వేగమైనా తెల్లవారేవరకు ఆగక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి.